మీకు తెలుసా? మ్యాక్‌లో లైనక్స్ కాపురం

యాపిల్ కంప్యూటర్‌లో మ్యాక్‌ఓఎస్ తప్ప మరొకటి నడవదని చాలామంది అనుకుంటారు. నిజానికి దాదాపు ముప్ఫై ఏళ్లుగా ఆ యంత్రాల మీద లైనక్స్ నడుస్తోంది, చాలాసార్లు మ్యాక్‌ఓఎస్‌ను చెరపకుండా దాని పక్కనే. ఒకే ఇంటిని రెండు వాటాలు చేసినట్టు డిస్కును పంచి, ఆన్ చేసేటప్పుడు ఏది కావాలో ఎంచుకునే ఈ ఏర్పాటునే డ్యుయల్ బూట్ అంటారు. యాపిల్ ప్రాసెసర్ మార్చిన ప్రతిసారీ దీన్ని మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది. ప్రతిసారీ ఎవరో ఒకరు పూనుకున్నారు. ఆ పనితనం తెలిపే సంగతులు, మీ దగ్గరున్న మ్యాక్‌కు ఈరోజు అక్కరకొచ్చే వివరాలు ఇవి.

శ్రీకారం చుట్టింది యాపిలే

1996లో యాపిల్ స్వయంగా ఓపెన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌తో కలిసి పవర్ మ్యాక్‌ల కోసం ‘ఎంకేలైనక్స్’ విడుదల చేసింది. మామూలు లైనక్స్‌లో వ్యవస్థకు గుండెలాంటి కెర్నల్ నేరుగా హార్డ్‌వేర్‌ను నడుపుతుంది. ఎంకేలైనక్స్‌లో అడుగున ‘మాక్’ అనే మైక్రోకెర్నల్, దాని మీద లైనక్స్ ఉండేవి. ఈ మాక్ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. అదే ఏడాది డిసెంబరులో యాపిల్ నెక్స్ట్ కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. నెక్స్ట్ వ్యవస్థ పునాదిగా 2001లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టెన్ కెర్నల్‌లోనూ మాక్ ఉంది. ఎంకేలైనక్స్ పనిని 1998లో యాపిల్ దాని వాడుకరుల బృందానికి అప్పగించి పక్కకు తప్పుకుంది.

లైనక్స్‌కు దారి మ్యాక్ మీదుగానే

1998 ఐమ్యాక్‌కు ముందు తరం పవర్ మ్యాక్‌లలో లైనక్స్‌ను నేరుగా మొదలుపెట్టడం చాలా కష్టం. అందుకు బెంజమిన్ హెరెన్‌ష్మిట్ ‘బూట్‌ఎక్స్’ అనే చక్కటి ఉపాయం కనిపెట్టారు. కంప్యూటర్ ముందు మ్యాక్‌ఓఎస్‌తోనే లేస్తుంది. కాస్త లేచాక మధ్యలో బూట్‌ఎక్స్ అడ్డుపడి, మ్యాక్‌ఓఎస్ కావాలా, లైనక్స్ కావాలా అని అడుగుతుంది. లైనక్స్ అంటే అప్పటిదాకా లేచిన మ్యాక్‌ఓఎస్‌ను మెమరీ నుంచి తప్పించి, ఆ స్థానంలో లైనక్స్ కెర్నల్‌ను కూర్చోబెడుతుంది. హెరెన్‌ష్మిట్ పేరు గుర్తుంచుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

‘ఎల్’ నొక్కితే లైనక్స్, ‘ఎక్స్’ నొక్కితే మ్యాక్

ఐమ్యాక్ నుంచి వచ్చిన పవర్‌పీసీ ప్రాసెసర్ మ్యాక్‌లకు ‘యాబూట్’ తయారైంది. తెర మీద నాలుగు ముక్కల మెనూ కనిపించేది: ఎల్ నొక్కితే లైనక్స్, ఎక్స్ నొక్కితే మ్యాక్ ఓఎస్ టెన్, సీ నొక్కితే సీడీ, ఓ నొక్కితే ఓపెన్ ఫర్మ్‌వేర్. ఈ ఓపెన్ ఫర్మ్‌వేర్ ఆ రోజుల మ్యాక్‌లకు పునాది. ఆన్ చేయగానే కమాండ్, ఆప్షన్, ఓ, ఎఫ్ మీటలు నాలుగూ కలిపి పట్టుకుంటే తెల్లటి తెర వచ్చి, మన ఆదేశం కోసం ఎదురుచూసేది. అక్కడ ఫోర్త్ భాషలో ప్రోగ్రామే రాసుకోవచ్చు. ఏ డిస్కు నుంచి, ఏ ఫైలుతో మొదలుకావాలో మనమే చెప్పొచ్చు. ఇంత తెరిచిన తలుపు తర్వాతి తరం మ్యాక్‌లలో కనిపించదు.

మ్యాక్ లైనక్స్ నుంచి ప్రపంచానికి ‘యమ్’

రెడ్‌హ్యాట్, సెంట్‌ఓఎస్, ఫెడోరా సర్వర్లు వాడినవారికి ‘యమ్ ఇన్‌స్టాల్’ అనే ఆదేశం కొట్టిన పిండే. దాని మూలం మ్యాక్ మీద నడిచిన లైనక్స్‌లో ఉంది. అమెరికాలోని కొలరాడోకు చెందిన టెర్రా సాఫ్ట్ సొల్యూషన్స్, పవర్‌పీసీ యంత్రాల కోసం 1999లో ‘యెల్లో డాగ్ లైనక్స్’ తెచ్చింది. అందులో సాఫ్ట్‌వేర్‌ను తాజాపరిచే సాధనం పేరు ‘యప్’. డ్యూక్ విశ్వవిద్యాలయంలో దాన్ని తిరగరాస్తే వచ్చిందే యమ్. టెర్రా సాఫ్ట్ యాపిల్ అధీకృత విక్రేతగా, లైనక్స్‌ను ముందే ఎక్కించిన మ్యాక్‌లను కూడా అమ్మింది.

ఒంటి మీట మౌస్‌కు తోడు ఎఫ్11, ఎఫ్12

యాపిల్ మౌస్‌కు చాలాకాలం ఒకే బటన్ ఉండేది. లైనక్స్ డెస్క్‌టాప్‌కు మూడు కావాలి. ఎడమది ఎంపికకు, కుడిది మెనూకు, ఎంచుకున్న ముక్కను అతికించడానికి మధ్యది. కెర్నల్‌లోనే దీనికి పరిష్కారం చేర్చారు. కీబోర్డు మీద ఫలానా మీట నొక్కితే మౌస్ రెండో బటన్, ఇంకోటి నొక్కితే మూడోది నొక్కినట్టు లెక్క. పవర్‌పీసీ మ్యాక్‌ల లైనక్స్‌లో సాధారణంగా ఎఫ్11 మధ్య బటన్‌గా, ఎఫ్12 కుడి బటన్‌గా పనిచేసేవి.

జాబ్స్ పిలిచారు, టోర్వాల్డ్స్ వెళ్లలేదు

2000లో స్టీవ్ జాబ్స్ లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్‌ను కలిసి యాపిల్‌లోకి రమ్మన్నారు. ఆయన ఒప్పుకోలేదు. కానీ యాపిల్ యంత్రాలను మాత్రం మూడు తరాల్లో వాడారు, మూడుసార్లూ లైనక్స్‌తోనే. మొదట పవర్ మ్యాక్ జీ5, తర్వాత ఇంటెల్ మ్యాక్‌బుక్ ఎయిర్, ఆ తర్వాత యాపిల్ సొంత ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌బుక్. 2022 జులై 31న లైనక్స్ 5.19ను విడుదల చేస్తూ, ఆ విడుదల పనిని ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న ఆ యాపిల్ ల్యాప్‌టాప్ మీదే చేశానని సంతోషంగా ప్రకటించారు.

బూట్ క్యాంప్ విండోస్ వరకే

2006 జనవరిలో ఇంటెల్ మ్యాక్‌లు వచ్చాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో యాపిల్ ‘బూట్ క్యాంప్’ ప్రయోగాత్మక కూర్పు ఇచ్చింది. ఒకే మ్యాక్‌లో రెండు వ్యవస్థలు పెట్టుకునే అధికారిక సాధనం అది. అయితే అది విండోస్ కోసమే, లైనక్స్ ఊసు అందులో లేదు. ఆ లోటును రెఫిట్ అనే మెనూ తీర్చింది. అది ఆగిపోయాక 2012లో రోడరిక్ స్మిత్ దాన్ని ‘రెఫైండ్’గా ముందుకు తీసుకెళ్లారు. ఆన్ చేయగానే డిస్కులన్నీ వెతికి, దొరికిన ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌నూ బొమ్మల వరుసగా చూపిస్తుంది. అసలేమీ ఇన్‌స్టాల్ చేయకపోయినా, ఇంటెల్ మ్యాక్‌ను ఆన్ చేసిన వెంటనే ఆప్షన్ మీట పట్టుకుంటే చాలు, యాపిల్ సొంత మెనూ వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ ఉంటే అదీ అక్కడ కనిపిస్తుంది.

ప్రాసెసర్ 64 బిట్, ఫర్మ్‌వేర్ 32 బిట్

తొలినాటి కోర్ 2 డ్యుయో మ్యాక్‌లలో ఒక చిక్కు ఉంది. ప్రాసెసర్ 64 బిట్‌దే అయినా, దాన్ని లేపే ఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ 32 బిట్‌ది. అందుకే మామూలు 64 బిట్ లైనక్స్ పెన్‌డ్రైవ్ పెడితే అవి పట్టించుకోవు. ఉబుంటు, డెబియన్ వంటివి ఈ యంత్రాల కోసం కొంతకాలం ‘మ్యాక్’ అని పేరుపెట్టి వేరే ఇన్‌స్టాలేషన్ ఫైళ్లు ఇచ్చాయి. 2006, 2007 నాటి మ్యాక్‌లో పెన్‌డ్రైవ్ కనబడకపోతే అది పాడైందనుకోకండి. ముందు అనుమానించాల్సింది ఈ తేడానే.

వైఫై కోసం రెండు బృందాలు

యాపిల్ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ట్రీమ్ వైఫైలో ఉన్నది బ్రాడ్‌కామ్ చిప్. దాని వివరాలు బయటికి ఇవ్వలేదు, లైనక్స్‌కు డ్రైవర్ లేదు. ఔత్సాహికులు రెండు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు బ్రాడ్‌కామ్ సొంత డ్రైవర్‌ను విప్పిచూసి, చిప్ ఎలా పనిచేస్తుందో మామూలు మాటల్లో రాసింది. రెండో జట్టు పాత డ్రైవర్ జోలికే పోకుండా, ఆ రాత చూసి కొత్త ప్రోగ్రాం రాసింది. ఒకరి కోడ్‌ను నకలు చేశారన్న మాట రాకుండా ఈ జాగ్రత్త. ఫలితం 2006లో లైనక్స్ 2.6.17తో కెర్నల్‌లోకి వచ్చింది. చిప్‌లోకి ఎక్కించే ఫర్మ్‌వేర్‌ను పంచిపెట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు. దాన్ని బ్రాడ్‌కామ్ డ్రైవర్ ఫైలు నుంచి వాడుకరే కత్తిరించుకోవాలి. నేటి ఎం1 మ్యాక్‌లలోనూ లైనక్స్ ఇన్‌స్టాలర్ వైఫై ఫర్మ్‌వేర్‌ను మ్యాక్‌ఓఎస్ ఫైళ్ల నుంచే తీసుకుంటుంది.

ల్యాప్‌టాప్‌నే వంచుతూ ఆట

తిరిగే హార్డ్‌డిస్కులున్న రోజుల్లో యాపిల్ ల్యాప్‌టాప్‌లలో ఒక కదలిక సెన్సర్ ఉండేది. ల్యాప్‌టాప్ చేయిజారితే పడేలోపే పసిగట్టి డిస్కును కాపాడటం దాని పని. లైనక్స్ డ్రైవర్లు ఆ సెన్సర్‌ను జాయ్‌స్టిక్‌గా కూడా చూపించాయి. ల్యాప్‌టాప్‌ను అటూ ఇటూ వంచితే ఆటలో కారు తిరిగేది.

గడియారం దగ్గర పేచీ లేదు

మామూలు పీసీలో విండోస్, లైనక్స్ పక్కపక్కన పెట్టినవారికి ఈ తలనొప్పి తెలుసు. ఒకదాన్నుంచి మరోదానిలోకి వెళ్లగానే టైమ్ మారిపోతుంది. మన దేశంలోనైతే కచ్చితంగా ఐదున్నర గంటల తేడా. విండోస్ కంప్యూటర్ లోపలి గడియారంలో స్థానిక సమయం ఉందనుకుంటుంది. లైనక్స్ అందులో అంతర్జాతీయ ప్రామాణిక సమయం ఉంచి, తెర మీద చూపేటప్పుడు ఐదున్నర గంటలు కలుపుతుంది. మ్యాక్‌ఓఎస్‌ది కూడా లైనక్స్ పద్ధతే. అందుకే మ్యాక్‌లో ఈ రెండూ కలిసి ఉంటే టైమ్ సరిచేసే పనే ఉండదు.

ఫైళ్లకు ఉమ్మడి చోటు

మ్యాక్‌ఓఎస్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్. లైనక్స్ దాన్ని చదువుతుంది. రాయాలంటే మాత్రం ఆ పార్టిషన్‌లో జర్నలింగ్ ఆపి ఉండాలి. 2017లో మ్యాక్‌ఓఎస్ హై సియెర్రాతో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్‌ను అసలు లైనక్స్ కెర్నల్ చదవలేదు. దానికి వేరే సాధనాలు కావాలి. అటు చూస్తే, లైనక్స్ వాడే ఎక్స్‌ట్4ను మ్యాక్‌ఓఎస్ తనంతట తాను చదవదు. మధ్యేమార్గం ఎక్స్‌ఫ్యాట్. మ్యాక్‌ఓఎస్ దాన్ని చదువుతుంది, రాస్తుంది. లైనక్స్ 5.7 నుంచి కెర్నల్‌లోనే దానికి గట్టి మద్దతు ఉంది. ఫొటోలు, పత్రాలు రెండువైపులా కావాలంటే ఒక చిన్న ఎక్స్‌ఫ్యాట్ పార్టిషన్ గానీ, పెన్‌డ్రైవ్ గానీ కేటాయించుకోండి. ఒకదాని సిస్టమ్ పార్టిషన్‌లో మరొకదాని నుంచి రాసే సాహసం వద్దు.

టీ2 మ్యాక్‌లో డిస్కే కనబడలేదు

2017 చివర ఐమ్యాక్ ప్రోలోకి, ఆ మరుసటి ఏడాది మ్యాక్‌బుక్‌లలోకి టీ2 అనే భద్రతా చిప్ వచ్చింది. అది రెండు అడ్డంకులు తెచ్చింది. మొదటిది, పూర్తి భద్రత స్థాయిలో అది యాపిల్ సంతకం ఉన్న మ్యాక్‌ఓఎస్‌ను, మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న విండోస్‌ను మాత్రమే లేవనిస్తుంది. పీసీలలో లైనక్స్‌కు పనికొచ్చే మైక్రోసాఫ్ట్ మూడోపక్ష సంతకాన్ని ఒప్పుకోదు. రికవరీలోకి వెళ్లి, స్టార్టప్ సెక్యూరిటీ యుటిలిటీలో భద్రతను తగ్గించి, బయటి డిస్కు నుంచి లేవడానికి అనుమతి ఇస్తే గానీ లైనక్స్ పెన్‌డ్రైవ్ పనిచేయదు.

అంతా చేసి లైనక్స్‌లోకి వెళ్తే రెండో అడ్డంకి ఎదురయ్యేది. లోపలి ఎస్‌ఎస్‌డీ కనిపించేదే కాదు. టీ2 తనను మామూలు ఎన్‌వీఎంఈ డిస్కులాగే చూపుకుంటుంది గానీ ప్రమాణాన్ని పూర్తిగా పాటించదు. ఆదేశం పరిమాణం 64 బైట్లు ఉండాల్సిన చోట అది 128 బైట్లు కోరుతుంది. ఈ తేడాలు పసిగట్టి 2019లో లైనక్స్ 5.4కు సవరణ రాసింది బెంజమిన్ హెరెన్‌ష్మిట్. తొంభైల్లో బూట్‌ఎక్స్ రాసిన ఆయనే. కీబోర్డు, ట్రాక్‌ప్యాడ్, సౌండ్ కూడా టీ2 చాటునే ఉంటాయి. వాటికోసం టీ2 లైనక్స్ బృందం తయారుచేసే ప్రత్యేక కెర్నల్ వాడుకోవాలి.

ఎం1కు తాళం ఉంది, తలుపూ ఉంది

2020 నవంబరులో ఎం1 మ్యాక్‌లు వచ్చాయి. బూట్ క్యాంప్ పోయింది. ఐఫోన్‌లాగే ఇక యాపిల్ సాఫ్ట్‌వేర్ తప్ప మరేదీ ఎక్కదని చాలామంది భయపడ్డారు. యాపిల్ అలా చేయలేదు. డిస్కులో ఎన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లుంటే ఒక్కోదానికి ఒక్కో భద్రతా విధానం పెట్టుకునేలా రూపొందించింది. లైనక్స్ ఉన్న భాగానికి భద్రత తగ్గించినా, పక్కనున్న మ్యాక్‌ఓఎస్ పూర్తి భద్రతతోనే ఉంటుంది. లైనక్స్ పెట్టుకున్నంత మాత్రాన మ్యాక్‌ఓఎస్ భద్రత తగ్గదు. ఇంటెల్ మ్యాక్‌లలో దొరకని సౌకర్యం ఇది.

ఈ తలుపు చూసి హెక్టర్ మార్టిన్ అసాహీ లైనక్స్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. దాతల చందాలతో పని సాగింది. 2021 జూన్‌లో లైనక్స్ 5.13లో ఎం1కు తొలి మద్దతు చేరింది. అందరూ వాడి చూడగలిగే మొదటి కూర్పు 2022 మార్చిలో వచ్చింది. 2023 డిసెంబరులో ఫెడోరా అసాహీ రీమిక్స్ విడుదలైంది. 2025 ఫిబ్రవరిలో మార్టిన్ బాధ్యతల నుంచి తప్పుకున్నా, బృందం పని కొనసాగిస్తోంది.

యజమాని వేలు పడితేనే

ఎం1, ఎం2 మ్యాక్‌లలో లైనక్స్ ఎక్కించడం పెన్‌డ్రైవ్‌తో మొదలుకాదు. మ్యాక్‌ఓఎస్‌లో టెర్మినల్ తెరిచి, ఒక్క వరుస ఆదేశం ఇస్తే ఇన్‌స్టాలర్ మొదలవుతుంది. మ్యాక్‌ఓఎస్‌కు ఎంత ఉంచాలి, లైనక్స్‌కు ఎంత ఇవ్వాలి అని అడిగి డిస్కును పంచుతుంది. తర్వాత రెండున్నర జీబీల చిన్న పార్టిషన్ ఒకటి సృష్టిస్తుంది. యాపిల్ ఫర్మ్‌వేర్ కంటికి అది మరో మ్యాక్‌ఓఎస్. లైనక్స్ దాని మాటున లేస్తుంది.

చివరి అడుగు మీ చేతులతోనే వేయాలి. కంప్యూటర్ పూర్తిగా ఆపి, పవర్ బటన్ నొక్కి అలాగే పట్టుకోవాలి. స్టార్టప్ ఆప్షన్లు లోడవుతున్నాయన్న సందేశం తెర మీద వచ్చేదాకా వేలు తీయకూడదు. మధ్యలో వదిలేస్తే మామూలుగా ఆన్ అయిపోతుంది, మళ్లీ మొదటికి రావాలి. మెనూలో కొత్త భాగాన్ని ఎంచుకుంటే రికవరీ తెరుచుకుంటుంది. అక్కడ మీ పాస్‌వర్డ్ ఇచ్చి, భద్రత తగ్గించడానికి ఒప్పుకోవాలి. ఇంటర్నెట్ ద్వారా దూరం నుంచి చొరబడిన దుండగుడు ఈ పని చేయలేడు. బటన్ మీద మనిషి వేలు ఉండాల్సిందే. తర్వాత ఎప్పుడైనా మ్యాక్‌ఓఎస్‌కు మారాలంటే దారి ఇదే. పవర్ బటన్ పట్టుకోండి, ఎంచుకోండి.

కొత్త చిప్‌లో పాత చుట్టాలు

ఎం1లో చాలా భాగాలు యాపిల్ సొంత తయారీ. ఆర్మ్ ప్రపంచమంతా వాడే ఇంటరప్ట్ కంట్రోలర్ కూడా అందులో లేదు. అయినా అక్కడక్కడా పాత డ్రైవర్లకు తెలిసిన భాగాలు దొరికాయి. సీరియల్ పోర్ట్ శాంసంగ్ నమూనాది. తొలి ఐఫోన్ ప్రాసెసర్లు శాంసంగ్‌వి కాబట్టి అది అలా వెంట వచ్చేసింది. లైనక్స్‌లో అప్పటికే ఉన్న శాంసంగ్ డ్రైవర్ కొద్ది మార్పులతో పనిచేసింది. ఇంకో విశేషం, లోపలి చిన్న చిప్‌లతో మాట్లాడే ఐ2సీ భాగం పీఏ సెమీ వారిది. పవర్‌పీసీ ప్రాసెసర్లు చేసే ఆ కంపెనీని యాపిల్ 2008లో కొనేసింది. దాని పవర్‌పీసీ చిప్‌ల కోసం రాసిన లైనక్స్ డ్రైవర్‌నే విస్తరించి ఎం1కు వాడుతున్నారు.

మ్యాక్‌ఓఎస్‌నే గమనించి నేర్చుకున్నారు

డాక్యుమెంట్లు ఇవ్వని హార్డ్‌వేర్‌ను అర్థం చేసుకోవడానికి అసాహీ బృందం ‘ఎం1ఎన్1’ అనే చిన్న ప్రోగ్రాంను వాడుకుంది. మామూలుగా అది లైనక్స్‌ను లేపే బూట్‌లోడర్. అవసరమైతే హైపర్‌వైజర్‌గా మారి, మ్యాక్‌ఓఎస్‌ను తన అదుపులో నడుపుతుంది. మ్యాక్‌ఓఎస్ ఏ భాగానికి ఎప్పుడు ఏ ఆదేశం పంపిందో యూఎస్‌బీ తీగ ద్వారా మరో కంప్యూటర్‌కు వరుసగా చేరవేస్తుంది. యాపిల్ కోడ్‌ను విప్పకుండా, దాని నడవడిక చూసి డ్రైవర్లు రాశారన్నమాట.

యాపిల్ గ్రాఫిక్స్ చిప్, లైనక్స్‌దే పైచేయి

మ్యాక్‌ఓఎస్‌లో ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ ప్రమాణం 4.1 దగ్గరే ఆగిపోయింది. 2018 నుంచి యాపిల్ దాన్ని వాడవద్దనే చెబుతోంది. అదే ఎం1 మీద లైనక్స్‌లో 2024 ఫిబ్రవరి నాటికి ఓపెన్‌జీఎల్ 4.6కు అధికారిక ధ్రువీకరణ వచ్చింది. దానికోసం లక్షకు పైగా పరీక్షలు నెగ్గాలి. గ్రాఫిక్స్ చిప్ భాషను ఛేదించి ఈ డ్రైవర్ రాయడంలో ముందున్నది అలిస్సా రోజెన్‌జ్వైగ్. 2021 జనవరిలో ఆమె ఎం1 మీద తన సొంత కోడ్‌తో తొలి త్రికోణం గీయించారు. మూడేళ్లలో ఇంత దూరం వచ్చారు. 2024 జూన్‌లో మరో గ్రాఫిక్స్ ప్రమాణం వల్కన్ 1.3కూ ధ్రువీకరణ దక్కింది. యాపిల్ హార్డ్‌వేర్ మీద యాపిల్ ఇవ్వనిదాన్ని స్వచ్ఛందంగా పనిచేసేవారు ఇచ్చారు.

స్పీకర్లు కాలిపోకుండా కాపలా

మ్యాక్‌బుక్ స్పీకర్లు చిన్నవి, మోత పెద్దది. వాటికి నిలకడగా తట్టుకోగలిగినదానికన్నా ఎక్కువ కరెంటు పంపి, లోపలి తీగచుట్ట వేడెక్కుతోందా అని మ్యాక్‌ఓఎస్ అనుక్షణం లెక్కగడుతుంది. ఆ లెక్క లేకుండా పూర్తి వాల్యూమ్‌లో పాట పెడితే తీగ కాలి స్పీకర్ పాడైపోవచ్చు. సాఫ్ట్‌వేర్ తప్పుకు హార్డ్‌వేర్ బలవుతుంది.

అందుకే అసాహీ బృందం మొదట్లో స్పీకర్లను ఆపే ఉంచింది. సౌండ్ కావాలంటే ఇయర్‌ఫోన్లే. 2023 చివరికి స్పీకర్ల భద్రత చూసే ప్రోగ్రాం సిద్ధమైంది. యాంప్లిఫయర్ నుంచి వోల్టేజీ, కరెంటు కొలతలు తీసుకుని, తీగచుట్ట వేడిని అంచనా వేసి, అవసరమైతే వాల్యూమ్ తగ్గిస్తుంది. ఆ ప్రోగ్రాం ఆగిపోతే కెర్నల్ స్పీకర్లను తక్కువ స్థాయికి దించేస్తుంది. వాడుకరి సొమ్ము పాడవకూడదని ఏడాదికి పైగా ఆగిన ఆ ఓపికకు దండం పెట్టాలి.

నాలుగుకు పదహారు

మెమరీని కంప్యూటర్ చిన్న చిన్న పేజీలుగా విభజించుకుంటుంది. ఇంటెల్ పీసీలలో పేజీ 4 కేబీ. యాపిల్ చిప్‌ల మీద లైనక్స్‌కు 16 కేబీ పేజీలు కావాలి. పీసీ గేమ్‌లు 4 కేబీనే ఆశిస్తాయి కాబట్టి నేరుగా నడవవు. 2024లో దీనికి దారి దొరికింది. 4 కేబీ పేజీలున్న బుల్లి వర్చువల్ మెషిన్ ఒకటి లోపల నడిపి, గేమ్‌ను అందులో ఆడిస్తారు.

డిస్కు పంచకుండానే లైనక్స్

లైనక్స్ అవసరం అప్పుడప్పుడే అయితే డ్యుయల్ బూట్ అక్కర్లేదు. 2020 జూన్‌లో సొంత చిప్‌లను ప్రకటించిన సభలోనే యాపిల్ పారలల్స్ అనే సాధనంలో లైనక్స్ నడిపి చూపించింది. మ్యాక్‌ఓఎస్‌లో ఒక వ్యవస్థ లోపల మరోదాన్ని నడిపే వర్చువలైజేషన్ సదుపాయం ఉంది. దాన్ని వాడుకునే యూటీఎం వంటి ఉచిత సాధనాలున్నాయి. ఇంటెల్ ప్రోగ్రాంలను అనువదించే రోజెట్టాను 2022లో మ్యాక్‌ఓఎస్ వెంచురా నుంచి లైనక్స్ వర్చువల్ మెషిన్లకూ ఇచ్చారు. 2025 జూన్‌లో లైనక్స్ కంటెయినర్లను నడిపే సాధనాన్ని యాపిల్ ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థికి ఈ దారి చాలు. హార్డ్‌వేర్ మొత్తం లైనక్స్ చేతిలో ఉండాలనుకునేవారికే డ్యుయల్ బూట్.

సఫారీకి లైనక్స్ చుట్టరికం

లైనక్స్ డెస్క్‌టాప్ కేడీఈ బ్రౌజర్ కోసం రాసిన కేహెచ్‌టీఎంఎల్ నుంచే యాపిల్ వెబ్‌కిట్ పెరిగింది. సఫారీ దాని మీదే నడుస్తుంది. ఇక ప్రింటర్ల సంగతి. లైనక్స్‌లో ప్రింటింగ్‌కు ఆధారమైన కప్స్‌ను యాపిల్ 2007లో తన చేతుల్లోకి తీసుకుంది. మ్యాక్‌ఓఎస్‌లోనూ ప్రింట్ పని చూసేది అదే.

తెలుగు టైపింగ్ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు

మ్యాక్‌లో తెలుగు టైప్ చేసే అలవాటున్నవారు లైనక్స్‌కు వస్తే చేతివేళ్లు తడబడతాయని జంకుతారు. లైనక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలు ఎక్కిస్తే తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్, పోతనలతో పాటు ‘యాపిల్’ పేరుతోనే ఒక కీబోర్డు అమరిక దొరుకుతుంది. రెండు వ్యవస్థల్లోనూ ఒకే అలవాటుతో రాసుకోవచ్చు. లైనక్స్ మెనూలు కూడా తెలుగులో కావాలనుకునేవారు హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ కృషిని చూడండి. డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ అది.

మ్యాక్‌ఓఎస్‌ను పూర్తిగా చెరపకండి

లైనక్స్ మీద ఎంత ఇష్టమున్నా మ్యాక్‌ఓఎస్‌కు కొంత చోటు ఉంచండి. యాపిల్ ఫర్మ్‌వేర్ సవరణలు మ్యాక్‌ఓఎస్ అప్‌డేట్ల ద్వారానే వస్తాయి. యాపిల్ చిప్ మ్యాక్‌లలో డిస్కు మొదట్లో, చివర్లో కంటికి కనబడని పార్టిషన్లు ఉంటాయి. బూటింగ్‌కు, రికవరీకి అవే ఆధారం. తెలియక వాటిని తీసేస్తే మ్యాక్ ఇక లేవదు. మరో కంప్యూటర్‌కు తీగతో కలిపి ఫర్మ్‌వేర్‌తో సహా అంతా మళ్లీ ఎక్కించాలి. అందుకే పార్టిషన్లు మార్చే ముందు టైమ్ మెషిన్‌తో బ్యాకప్ తీసుకోవడం తప్పనిసరి.

ఇప్పుడు మీ వంతు

2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహోయే ఇంటెల్ మ్యాక్‌లకు ఆఖరిదని యాపిల్ ప్రకటించింది. అదీ కొద్ది మోడళ్లకే. మిగతా ఇంటెల్ మ్యాక్‌లు పాత కూర్పుల దగ్గరే ఆగిపోయాయి. భద్రతా సవరణలు అందని కంప్యూటర్‌తో బ్యాంకు పనులు చేయడం మంచిది కాదు. అలాగని బంగారంలాంటి తెర, కీబోర్డు ఉన్న యంత్రాన్ని తుక్కు కింద అమ్మేయాల్సిన పనీ లేదు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఏదైనా తాజా లైనక్స్ ఎక్కించండి. ఆన్ చేస్తూ ఆప్షన్ మీట పట్టుకోండి. ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ ఎంచుకుని వైఫై, సౌండ్, ట్రాక్‌ప్యాడ్, కెమెరా ఒక్కొక్కటే పరీక్షించండి. టీ2 ఉన్న మోడల్ అయితే ముందుగా పైన చెప్పిన భద్రతా మార్పులు చేసి, టీ2 బృందం కెర్నల్ ఉన్న లైనక్స్ తీసుకోండి. యాపిల్ చిప్ మ్యాక్ అయితే కొనేముందే అసాహీ మద్దతు జాబితాలో మీ మోడల్ ఉందో లేదో చూసుకోండి. వారి మద్దతు గట్టిగా ఉన్నది ఎం1, ఎం2 తరాలకు.

అన్నీ పనిచేస్తే ఇన్‌స్టాల్ చేసుకోండి. మీకు అవసరం లేకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలకో, ఊళ్లోని గ్రంథాలయానికో ఇవ్వండి. లైనక్స్‌తో ఆ మ్యాక్ ఇంకొన్నేళ్లు నిశ్చింతగా పనిచేస్తుంది.